నన్ను చూపిన వేలు

నారాయణగూడ చౌరస్తాలో బస్సు ఆగిపోయింది. మబ్బు కమ్మి, మిట్టమధ్యాహ్నమే లోపల చీకటిగా ఉంది. అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కి చదువుతున్న రోజులవి. ‘మరణశిక్ష రద్దు చేయాలా?’ అన్న వ్యాసాన్ని ఒళ్ళో పెట్టుకుని బట్టీ పడుతున్నాను. పక్క సీట్లో పెద్దాయన కాగితంలోకి తొంగిచూశాడు.

“నువ్వు ఏ దిక్కు, తమ్మీ?”

“రెండు దిక్కులా నాలుగేసి పాయింట్లు రాస్తం సార్. ఆఖరికి మధ్యల ఉంటం. గట్లయితెనే మార్కులు.”

ఆయన నవ్వలేదు.

“ఒక హత్య కేసుల నేను సాక్షిని. జైల్ల పదిమందిని నిలబెడితే, వీడేనని వేలు వెట్టి చూపిన. ఉరిశిక్ష వడ్డది. అప్పీలు నడుస్తుండంగ అసలోడు దొరికిండు. అప్పీలు జల్ది ఖతమైతే నేను చూపిన పిలగాడు బతికుంటుండెనా?”

బస్సు కదిలింది. ఆయన నా మొహాన్నే చూస్తున్నాడు.

“అబద్ధం చెప్పలే బిడ్డా. వాడేననుకున్న. నా కండ్లను నేనే నమ్మిన.”

చిక్కడపల్లిలో దిగబోతూ వెనక్కి తిరిగి, వేలెత్తి నన్ను చూపించాడు.

“ఆ పిలగాడు అచ్చం నీ లెక్కనే ఉండె.”

ఆ వారం టెస్టులో రద్దు చేయాలని ఒక్క దిక్కే రాశాను. కోచింగ్ సార్ మార్కులు కోసేశాడు. ఇప్పటికీ బస్సులో ఎవరైనా నన్ను రెండోసారి చూస్తే మొహం కిటికీవైపు తిప్పుకుంటాను.