బంతిలో నా చోటు

నాకు టీబీ అని తేలినప్పుడు తండాలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు, కరోనా కాదు కదా అని. ఆ నెమ్మది ఎంతోసేపు నిలవలేదు.

మాది మరిపెడ దగ్గర తండా. కరోనా రెండోసారి ఊళ్లను ఊపేసి వెళ్లిన తర్వాతి చలికాలం అది. మహబూబాబాద్‌లో డిగ్రీ చదువుతున్నాను. దగ్గు పట్టుకుంది, ఎంతకూ వదల్లేదు. సాయంత్రమైతే జ్వరం. ఒంటిమీది బట్టలన్నీ వదులైపోయాయి. బస్సులో దగ్గితే పక్కవాళ్లు తేలును చూసినట్టు చూసే రోజులు. సర్కారు దవాఖానలో తెమడ పరీక్ష చేసి, టీబీ అన్నారు. మందు మానకుండా వాడితే పోతుందని డాక్టరమ్మ చెప్పింది. కొన్నాళ్లు మాస్కు తీయొద్దని, గాలి ఆడేచోట విడిగా పడుకోమని చెప్పింది. అన్నీ చేశాను. మాత్రలు మింగితే కడుపులో తిప్పేది. మందు వల్ల మూత్రం ఎర్రగా వస్తే రక్తమనుకుని మొదటిరోజు ఏడ్చాను కూడా.

మందులు సగానికి వచ్చేసరికి పెద్ద బాపు, అంటే మా నాన్నకు అన్న, ఆయన కూతురి పెళ్లి కుదిరింది. అతను మా ఇంటికి వచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు. ఇంట్లో మేం మాట్లాడుకునేది మా తండా భాష. ఆ మాటలను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"పిల్లను పెండ్లికి తోల్కరాకు," అన్నాడు మా యాడితో. మేం అమ్మను యాడి అనే పిలుస్తాం. "మొగపిల్లగానోళ్లు భూపాలపల్లి దిక్కు నుంచి వస్తున్నరు. దగ్గుడు జూస్తే ఏమనుకుంటరు? జర ఆలోచించు."

"దగ్గు తగ్గింది. మళ్ల పరీక్ష జేసిన్రు, తెమడల ఏం లేదన్నరు," అంది యాడి. "ఇగ ఎవలకూ అంటదు, పెండ్లికి పొమ్మని డాక్టరమ్మనే చెప్పింది."

"డాక్టరమ్మకేంది? పెండ్లి ఆగితే ఆమె జేస్తదా?"

అరుగు మీద కూర్చుని మా నాయనమ్మ అంతా వింటోంది. ఆమె ముఖం నిండా మశూచి మచ్చలు. చిన్నప్పుడు అమ్మవారు పోసిందని మాకు తెలుసు, అంతకుమించి ఆమె ఎప్పుడూ చెప్పలేదు. ఆరోజు చెప్పింది, తన పెద్దకొడుకు ముఖంలోకి చూస్తూ.

"నన్ను చేన్ల గుడిసెల పెట్టిన్రు, ఎరికేనా? మా నాయిన నీళ్లకుండ గట్టుమీద పెట్టి, కేకేసి పోయేటోడు. రోగమున్నప్పుడు దూరం పెట్టిన్రు, గది సమజైతది. తగ్గినంక ఎందుకు పెట్టిన్రు? అందరు కూసోని తింటుంటే నేను దూరం నుంచి చూసేదాన్ని. గిప్పుడు దీన్ని గట్ల కూసోబెడ్తవా?"

పెద్ద బాపు తల దించుకుని వెళ్లిపోయాడు. రమ్మనీ అనలేదు, మళ్లీ వద్దనీ అనలేదు.

వెళ్లాం. భోజనాల బంతిలో నేను కూర్చోగానే ఇటు ఇద్దరు, అటు ఒకామె లేచి వేరే వరుసలోకి వెళ్లారు. చిన్నప్పుడు నాకు జడలు వేసినవాళ్లే. విస్తరి ముందు తల వంచుకున్నాను. పెద్ద బాపే మటన్ బకెట్ పట్టుకుని వడ్డిస్తున్నాడు. నా దగ్గరికి వచ్చేసరికి చూపు తిప్పుకుని ముందుకు నడిచాడు. లేచి ఇంటికి పోదామనిపించింది. సగం లేచాను కూడా. అంతలో ఎక్కడినుంచో కోపం వచ్చింది.

"పెద్ద బాపూ, నాకు పెట్టలే," అన్నాను గట్టిగా.

అతను వెనక్కి తిరగలేదు.

"పెద్ద బాపూ! నాకు పెట్టలే!"

నాయనమ్మ కర్ర పక్కన పడేసి, మోకాళ్లు పట్టుకుంటూ వచ్చి నా పక్కన కూలబడింది. "నాకు గూడ పెట్టలే," అంది.

అతను తిరిగి వచ్చాడు. ఇద్దరికీ వడ్డించాడు.

ఎదుటి వరుసలో పెళ్లికొడుకు మేనత్త కూర్చుని ఉంది. "ఏమైంది బిడ్డా నీకు?" అని అడిగింది.

"టీబీ. మందులు వాడుతున్న. గిప్పుడు ఎవలకూ అంటదు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఔనా," అని, చారు ఇటు పంపమంది. పెళ్లి ఆగలేదు. లేచి వెళ్లినవాళ్లు మాత్రం తిరిగి రాలేదు. ఇప్పటికీ వాళ్లు ఎదురుపడితే నేనే ఆగి పలకరిస్తాను, మొహం తిప్పుకునే వీలు లేకుండా.

మందులు పూర్తయ్యాయి. రోగం పోయింది. డిగ్రీ ముగించి జనగామలో ఒక బడిలో చేరాను. పోయినేడు పెద్ద బాపే నాకొక సంబంధం తెచ్చాడు. "టీబీ సంగతి తియ్యకు," అన్నాడు ముందుగానే. అబ్బాయి అడగకముందే నేనే చెప్పాను, ఏ మందులు వాడానో కూడా. వాళ్లు టీ తాగి, మళ్లీ ఫోన్ చేస్తామని వెళ్లారు. చేయలేదు.

"తగ్గిన రోగం ఎవలన్న చెప్పుకుంటరా?" అని పెద్ద బాపు మండిపడ్డాడు.

"దాసుకోనీకె నేనేం దొంగతనం జేసిన?" అన్నాను.

యాడి వంటింట్లో నవ్వింది, నాకు వినపడింది. పెళ్లింకా కాలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లకు ఇప్పుడు టీ కంటే ముందే చెప్పేస్తున్నాను.