సోషల్ సారు ఇచ్చిన తెల్లబట్ట

మా సోషల్ సారు పోయారని మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. నేను పనిచేసే బడికి పోవడానికి టిఫిన్ డబ్బా సర్దుకుంటున్నాను. ఫోన్ చేసింది సార్ వాళ్ల తమ్ముడు. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. ఆ మోతలోనే బతికిన మనిషి కాబట్టి ఏ మాటైనా గట్టిగానే చెబుతాడు. "అన్న పోయిండమ్మా. పండుకున్నోడు పండుకున్నట్టే పోయిండు. మీ అమ్మకు గూడ చెప్పు," అన్నాడు. అమ్మకు వేరే చెప్పే పని లేకపోయింది. వంటింటి గడపలో నిలబడి అంతా విన్నది.

లోపలికి పోయి మంచం కింది ఇనుప పెట్టెను బయటికి లాగింది. దాని అడుగున ఒక తెల్లబట్ట ఉంది. పన్నెండేళ్లుగా దాన్ని ఎవరం ముట్టలేదు. అమ్మ దాన్ని తీసి ఒళ్లో పెట్టుకుని, "సిరిసిల్లకు బస్సు ఎప్పుడున్నది?" అని అడిగింది.

ఆ బట్ట ఇచ్చింది సారే. ఎందుకిచ్చారో చెప్పాలంటే ముందు ఆయన మాకు చెప్పిన ఒక పాఠం గురించి చెప్పాలి.

మేం అప్పుడు కోరుట్లలో ఉండేవాళ్లం. సార్ సిరిసిల్ల నుంచి మా బడికి బదిలీ మీద వచ్చారు. సాలెవాళ్ల ఇంటి మనిషి. ఎవరు ఎదురుపడినా ముందు అంగీ కాలరు రెండు వేళ్ల మధ్య పట్టి నలిపి చూసేవారు, పలకరింపు ఆ తర్వాతే. "గిది మనది కాదురా. రెండుసార్లు ఉతికితె జల్లెడ అయితది," అనేవారు. హెడ్మాస్టరు కాలరును కూడా వదల్లేదు. చాయ్ సాసర్లో పోసి ఊదుకుంటూ తాగేవారు. ఆ ఊదుడు వరండా చివరిదాకా వినపడేది. జేబు నిండా సుద్దముక్కలుండేవి, జేబు అడుగెప్పుడూ పిండి పట్టి తెల్లగా ఉండేది. పిల్లల్ని కొట్టేవారు కాదు. "సదువు రాకపోతె రాకపాయె, సిగ్గన్న రావాలె గద," అనేవారు. దానికంటే దెబ్బే నయం అనిపించేది.

మా అన్న నాకంటే ఏడాది పెద్ద. ఆరో తరగతి రెండుసార్లు చదివి నాతో కలిశాడు. ఎనిమిదో తరగతిలో ఇద్దరం ఒకే గదిలో కూర్చున్నాం. బానిసల వ్యాపారం గురించి మా పుస్తకంలో ఉన్నది అర పేజీ. సార్ దాన్ని మూడు రోజులు చెప్పారు.

"చెరుకు కొట్టుడు ఎంత కష్టమో మీకు నేను చెప్పాల్నా?" అని మొదలుపెట్టారు. చెప్పక్కర్లేదు, సగం మందికి చేతుల మీద గాట్లున్నాయి. సముద్రం అవతల కొత్త నేల తెల్లవాళ్ల చేతికి చిక్కిందనీ, అక్కడి మనుషులు చాకిరీతో, కొత్త రోగాలతో చచ్చిపోతుంటే చెరుకు తోటలకు చేతులు కావలసి వచ్చాయనీ చెప్పారు. బంగారం కోసం ఆఫ్రికా ఒడ్డుకు పోయిన పోర్చుగీసు ఓడలు అప్పటికే మనుషుల్ని పట్టుకుపోవడం మరిగాయి. వాళ్లను చూసి తక్కిన దేశాలవాళ్లూ దిగారు. "అందరు దేవునికి మొక్కే ఓడ ఎక్కిండ్రు," అని సార్ ఆగారు.

అప్పుడు మా అన్న లేచాడు.

"సార్, వాళ్లను పంపిన ఏజెంట్ ఎవలు సార్? సుట్టీ ఎన్నేండ్లకు ఒకపారి ఇచ్చేటోళ్లు?"

క్లాసులో ఒక్కరూ నవ్వలేదు. అందరి మనసులో ఉన్నదీ అదే. మా నాయిన అప్పుడు మస్కట్‌లో మేస్త్రీ. నా పక్క పిల్ల వాళ్ల నాయిన దుబాయిలో. మనిషి దూరదేశం పోయాడంటే వీసా తీసిన ఏజెంటు ఉంటాడు, రెండేళ్లకో మూడేళ్లకో అత్తరు సీసా, పూల దుప్పటి పట్టుకుని సుట్టీకి, అంటే సెలవుకు, వస్తాడు. పోయినవాళ్లు అసలు రాకపోవడం అనేది మాకు తోచనే లేదు.

సార్ బల్ల అంచు మీద కూర్చున్నారు. "సుట్టీ లేదు కొడుకా. వాళ్లు పోలే. వాళ్లను పట్టుకపోయిండ్రు. మీ నాయిన సంతకం పెట్టి పోయిండు, మల్ల అస్తడు. వాళ్లు రాలే. వాళ్లకు పుట్టిన పిల్లలు గూడ పుట్టుడుతోనే దొర సొమ్ము. పేరు గూడ దొర పెట్టిందే. మన కష్టం మనకున్నది గని, గీ రెండు ఒక్కటే అని ఎన్నడు అనకుండ్రి. అంటె వాళ్ల దుఃఖం తక్కువ జేసినట్టయితది."

ఏజెంటు ప్రశ్నకు జవాబు మాత్రం రెండో రోజు చెప్పారు. "ఏజెంట్లు ఉండిరి. తెల్లోళ్లు అడవిలకు పోయి పట్టింది తక్కువ. ఆడి రాజులు, దళారులే లడాయిల దొరికినోళ్లను, తొవ్వల పోయేటోళ్లను కట్టేసి ఒడ్డుదాక నడిపిచ్చి అమ్మిండ్రు. ఒడ్డు మీద కోటలు. చీకటి కొట్లల్ల కుక్కి, ఓడ అచ్చిందాక ఉంచేటోళ్లు. ఎర్రగ కాల్చిన ఇనుముతోని ఒంటి మీద గుర్తు ఏసేటోళ్లు." బదులుగా తుపాకులు, సారా, గవ్వలు ఇచ్చారని చెప్పి, సార్ తన సంచిలోంచి మడత పెట్టిన నీలంరంగు నేతబట్ట తీసి బల్ల మీద పరిచారు. "అన్నిటికంటె ఎక్కువ ఇచ్చింది గిదే. బట్ట. మన తూర్పు తీరంల మా అసొంటి సాలెలు నేసింది. కంపెనీలోళ్లు కొన్నరు, ఓడల ఐరోపాకు పోయింది, ఆడికెల్లి ఆఫ్రికాకు పోయింది. గిన్ని గజాలకు ఒక మనిషి."

"నేసినోళ్లకు తెల్సా సార్?" అని నేనడిగాను.

"తెల్వది బిడ్డా. పొద్దంత మగ్గం గుంతల కూసున్నోనికి ఏం తెలుస్తది? పాపం, తెల్వది."

ఆ 'పాపం' అన్నప్పుడు సార్ గొంతులో ఒక ఊరట ఉండింది. తన వాళ్లను కాచుకునే ఊరట. అప్పుడు నాకది తెలియలేదు.

మూడో రోజు సార్ వరండాలో సుద్దతో ఓడ గీశారు. లోపల మనిషికి రెండు జానల వెడల్పున గళ్లు. ఒక్కో గడిలో ఒక్కొక్కరిని పడుకోమన్నారు. మొదటి గడిలో అన్న, పక్కన మిగతా పోరగాళ్లు, అవతలి వరసలో మేం ఆడపిల్లలం. మొదట కిలకిల నవ్వాం. "ఎవ్వలు కదలద్దు. పక్కోని కాలుకు మీ కాలు సంకెలేసి ఉన్నది. రెండు నెలలు గిట్లనే. కక్కుడు, ఏరుగుడు, సచ్చుడు అన్ని గీడనే," అన్నారు సార్. కాసేపటికి నవ్వులు ఆగాయి. ఎండకు కాలిన గచ్చు వీపుకు చురుక్కుమంటోంది. అన్న పడుకునే అడిగాడు, సచ్చిపోయినోళ్లను ఏం జేస్తరు సార్ అని. "సముద్రంల ఏస్తరు," అన్నారు. లేచాక అందరి చొక్కాలకూ సుద్ద గీతలు అంటుకున్నాయి.

ఇంటికి వచ్చి అన్న ఆ ఓడను అమ్మకు చూపించాడు, బీడీల చాట పక్కన బిగుసుకుని పడుకుని. అమ్మ బీడీ చుట్టే చెయ్యి ఆపింది. "సముద్రంల ఏస్తరా? మీద బట్ట గూడ కప్పకుండనే?"

"కప్పరమ్మా. ఇసిరేసుడే."

"గట్లెట్ల ఏస్తరురా," అని అమ్మ ఆ సాయంత్రం రెండు మూడుసార్లు అన్నది. చచ్చిపోయినవాళ్ల మీద దగ్గరివాళ్లంతా తలా ఒక కొత్త బట్ట కప్పడం మా దగ్గర ఆనవాయితీ. ఎంత లేనివాళ్లయినా ఆ ఒక్క బట్ట తెస్తారు. అది కూడా లేకుండా మనిషి పోవడం అమ్మకు మింగుడు పడలేదు.

నాయిన మస్కట్ నుంచి రోగంతో తిరిగొచ్చి చనిపోయిన ఏడాదికి అన్నకు వీసా మాట వచ్చింది. తెచ్చిన ఏజెంటు కూడా సార్ దగ్గర చదువుకున్నవాడే. అమ్మకు ధైర్యం చాలక సార్ దగ్గరికి పోయి అడిగింది. నేనూ వెంట ఉన్నాను. సార్ చాయ్ ఊదుకుంటూ, "వాడు మా పోరడేనమ్మా. నా ముందల పెరిగిండు. మంచోడు. భయపడకు, పంపు," అన్నారు. ఆ ఒక్క మాట మీద అన్న పోయాడు. పెద్ద బంగళాలో తోటపని అన్నారు. దిగిన రోజే పాస్‌పోర్టు గుంజుకుని ఎడారిలో గొర్రెల వెంట తోలారు. రెండుసార్లు ఎవరి ఫోన్ నుంచో మాట్లాడాడు. రెండోసారి నాతో, "సుట్టీ లేదంటున్నరు," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ చెవిలోంచి పోదు. తొమ్మిదో నెలలో పెట్టె వచ్చింది.

గుండె ఆగిందని కాగితంలో ఉంది. పెట్టె తెరవొద్దని చెప్పి పంపారు. ఏజెంటు సార్ కాళ్ల మీద పడి, నాకేం తెల్వది సార్, అక్కడోళ్లు చెప్పిన మాటే నేను చెప్పిన అన్నాడట. సార్ ఆ రోజు తమ్ముడి సాంచా మీద నేసిన తెల్లబట్ట పట్టుకుని మా ఇంటికి వచ్చారు. శిష్యుడి మీద కప్పడానికి. అందరూ పెట్టె మీదే బట్టలు కప్పుతుంటే అమ్మ ఒక్కటే మాట అన్నది: "చెక్కకు కప్పుతరా?" సార్ చెయ్యి ఆగిపోయింది. బట్టను నా చేతిలో పెట్టి గేటు బయటికి పోయి గోడకు ఆనుకున్నారు. దాన్ని అమ్మ ఎందుకు దాచిందో నేనడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆ తర్వాత సార్ ఓడ గీయలేదు. రిటైరయ్యేదాకా ఆ పాఠాన్ని పుస్తకంలో ఉన్న అర పేజీ చదివి ముగించారని విన్నాను. నేనూ సోషల్ టీచర్‌నే అయ్యాను. సిగ్గుపడుతూ చెబుతున్నాను, నేనూ ఆ అర పేజీయే చదివిస్తున్నాను. ఒకసారి ఎందుకు మానేశారని అడిగాను. సార్ అన్నారు: "నేసినోనికి తెల్వది, పాపం అని చెప్పిన గద మీకు. తెల్వకపోతె తప్పే లేదన్నట్టు చెప్పిన. ఆ ఓడలు వేరే, మీ అన్న పోయింది వేరే బిడ్డా, నేను ఇప్పటికి గదే అంట. కని గా సాలెకు తన బట్ట ఏడికి పోతదో అడిగే దిక్కు లేకుండె. నాకు ఉండె. ఆ ఏజెంటును ఒక్క మాట అడగలే. చాయ్ తాక్కుంట చెప్పేసిన."

అన్న పోయిన రోజున ప్రతి ఏడూ సార్ మా ఇంటికి వచ్చేవారు. మేం జగిత్యాలకు మారాక ఇక్కడికీ వచ్చారు. లోపలికి వచ్చేవారు కాదు, మెట్ల మీద కూర్చునేవారు. అమ్మ గ్లాసుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టి లోపలికి పోయేది. సార్ నీళ్లు తాగి, గ్లాసు మెట్టు మీద బోర్లించి వెళ్లిపోయేవారు. పోయినసారి కర్ర పట్టుకుని వచ్చారు. మోకాళ్ల మీద చేతులు పెట్టి లేస్తూ, "మీ అమ్మ ఒక్కపారి నన్ను తిడితె మంచిగుండు బిడ్డా," అన్నారు.

ఆ మాట అమ్మకు చేరవేశాను. "తిడితె ఆయనకు సల్లగయితది. మరి నాకు?" అన్నది అమ్మ.

నేను సార్‌ను క్షమించానా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదు. చదువు చెప్పారు, కొలువు దాకా నడిపించారు, కాలేజీలో చేర్పించేటప్పుడు నా వెంట కరీంనగర్ వచ్చి రోజంతా లైన్లో నిలబడ్డారు. మా అన్నను పంపమన్నదీ ఆయనే. ఈ రెండూ ఒకే మనిషి చేసినవి. ఒకదాంతో ఇంకొకటి చెల్లిపోదు. మీ తప్పు లేదు సార్ అని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. అబద్ధం చెబుతున్నానేమోనని మింగేశాను. ఇప్పుడు చెప్పాలన్నా వినేవారు లేరు.

వేములవాడలో బస్సు మారి సిరిసిల్ల చేరేసరికి మధ్యాహ్నమైంది. సార్ తమ్ముడు ఆ రోజు సాంచాలు ఆపేశాడు. పక్క వీధివి మాత్రం నడుస్తూనే ఉన్నాయి. సార్‌ను వాకిట్లో పడుకోబెట్టారు. నేను దగ్గరికి పోయి ఆయన అంగీ కాలరు రెండు వేళ్ల మధ్య పట్టి చూశాను. మనదే, సార్.

ఒక్కొక్కరే వచ్చి బట్టలు కప్పుతున్నారు. అమ్మ వంతు వచ్చింది. ఆ తెల్లబట్టను రెండు చేతుల్లో పట్టుకుని సార్ ముఖంలోకి చూస్తూ నిలబడింది. "కప్పమ్మా," అన్నాడు తమ్ముడు మెల్లగా. ఆయన మెల్లగా మాట్లాడగా నేను వినడం అదే మొదలు. అమ్మ కదల్లేదు. వెనక నిలబడినవాళ్లు పక్క నుంచి దాటి తమ బట్టలు కప్పి పోయారు. చివరికి అమ్మ వెనక్కి తిరిగి, బట్టను చంకలో పెట్టుకుని గేటు దగ్గరికి వచ్చేసింది.

తిరుగు బస్సులో అమ్మ వేములవాడ దాటాక అన్నది: "కప్పుదామనే తెచ్చిన బిడ్డా. చెయ్యి లేవలే."

"సరేలే అమ్మా."

"ఒక్కపారి తిట్టినా అయిపోతుండె. తిట్టి ఉంటె ఇయ్యాల చెయ్యి లేస్తుండె గావచ్చు." బట్టను ఒళ్లోకి జరుపుకుని, "మీ అన్న చెప్పె గద, గా ఓడలోళ్లకు గూడ ఎవలు కప్పలే," అన్నది. కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. పన్నెండేళ్లలో ఆమె ఏడవగా చూడటం నాకు అదే మొదటిసారి.

ఆ బట్టను అమ్మ మళ్లీ పెట్టెలో పెట్టలేదు. వాకిట్లో దండెం మీద వేసింది. ఉతికిన బట్టలు ఆరేసేటప్పుడు దాన్ని పక్కకు జరుపుతుంది, పొద్దుగూకాక మళ్లీ మధ్యకు జరుపుతుంది. ఇది రాస్తున్నప్పుడు కూడా అక్కడే ఉంది. గాలికి అంచులు కదులుతున్నాయి. మడత ఇంకా విప్పలేదు.