గరుడ గూటి కింద ముప్పై రోజులు

పడవ దిగేసరికి ఉదయం ఆరుంబావు. పాటు మొదలై నీళ్ళు వెనక్కి పోయాయి. రేవంతా మోకాలి లోతు బురద. నాకు యాభై నాలుగేళ్ళు, కుడి మోకాలు పనికిరాకుండా పోయి చాలా కాలమైంది. బ్యాగు నెత్తిన పెట్టుకుని ముప్పై అడుగుల బురద దాటడానికి పది నిమిషాలు పట్టింది. "హవల్దారు గారండీ, చెప్పులు చేత్తో పట్టుకోండి. లేకపోతే బురదకే వదిలేసుకోండి" అని పడవాయన వెనకనుంచి అరిచాడు. ఒకటి వదిలేసుకున్నాను.

మా రామచంద్రపురంలో ఎక్కడ కూర్చున్నా జనం నన్ను మంచు కొండల గురించి అడుగుతారు. ఇరవై రెండేళ్ళు మిలట్రీలో చేసినవాణ్ణి కదా, కాల్పులు ఎలా ఉంటాయో చెప్పమంటారు. చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది. ఈ డ్యూటీ సంగతి మాత్రం ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. రిటైరయ్యాక అటవీ శాఖలో కాంట్రాక్టు వాచరుగా చేరాను. వాళ్ళు నన్ను వేసిన పోస్టు ఇది. మనిషికి మనిషి కనపడని చోట, ఒక వైపు రొయ్యల చెరువులు, ఇంకో వైపు మడ అడవి, మధ్యలో ఉప్పుటేరు. గట్టు మీద కొత్తగా నిలబెట్టిన కరెంటు టవరు. దాని కింది అడ్డకమ్మీ మీద గరుడ పక్షుల జంట గూడు కట్టింది. లైను లాగడానికి ఎక్కినవాళ్ళు రెండు గుడ్లు చూసి దిగిపోయారు.

పని సూటిగా ఉంది. గుడ్లు పిల్లలయ్యేదాకా గూటి జోలికి ఎవరినీ రానివ్వకూడదు. ముప్పై రోజులు గడువు. ఆలోగా పిల్ల కనిపిస్తే, అది ఎగిరేదాకా లైను ఆగుతుంది. కనిపించకపోతే గుడ్లు మురిగిపోయినట్టు లెక్క. గూడు తీసేసి కరెంటు వదులుతారు.

కిట్: బైనాక్యులర్స్, వాకీటాకీ సెట్టు, విజిల్, నోటుబుక్కు, గొడుగు, నీళ్ళ క్యాను రెండు. టవరుకి నూట ఇరవై మీటర్ల దూరంలో సరుగుడు కర్రలతో మంచె, పైన తాటాకు. పడక చెరువు గట్టు మీది మోటారు షెడ్డులో. డ్యూటీ ఉదయం అయిదున్నర నుంచి సాయంత్రం ఆరు. ఆర్డరు కాగితం మీద అయిదు అంశాలు. మూడోది: టవరు చుట్టూ వంద మీటర్లలో తినే వస్తువేదీ వేయనివ్వకూడదు. వంద మీటర్లకి నైలాను తాడు కట్టాను. మూడో అంశం కింద గీత కూడా గీశాను. ఆ గీత గీసింది నేనేనని మర్చిపోకండి.

బయల్దేరేటప్పుడు మా ఆవిడ ఊరుకుందా? "ఇద్దరు పిల్లల్ని కన్నాను, ఒక్క పురిటికీ రాలేదు మహానుభావుడు. ఇప్పుడు గద్ద పురిటికి క్యారేజీ కట్టించుకుని వెళ్తున్నారు" అంది. నవ్వాను గానీ గుచ్చుకుంది. ఇద్దరు పుట్టినప్పుడూ నేను పోస్టు మీదే ఉన్నాను. రెండోది పుట్టిన కబురు సెట్టులో వచ్చింది. "ఆడపిల్ల. తల్లి క్షేమం. ఓవర్." నేను "రోజర్" అన్నాను.

మొదటి వారం మంచు. ఎనిమిదిన్నర దాకా టవరు కాళ్ళు తప్ప ఏమీ కనపడేవి కాదు. తొమ్మిదికి మంచు విచ్చేది. అప్పుడు తెల్లటి తల, ఇటికరంగు రెక్క. తల్లి గూట్లో కూర్చుని ఉండేది. మగది రోజుకి మూడు నాలుగుసార్లు చేప తెచ్చేది. గుడ్లు నాకు ఎప్పుడూ కనపడలేదు, గూటి అంచు ఎత్తుగా ఉంది. కనపడనిదాన్ని పన్నెండున్నర గంటలు కాపలా కాయడం. మిలట్రీలో చేసిందీ అదేలెండి.

సాయంత్రం ఆరుకి సెట్టులో సెక్షన్ ఆఫీసరు గారు. కుర్రాయన, మర్యాదస్థుడు.

"టవర్ పోస్ట్, పరిస్థితి ఏంటండి? ఓవర్."

"తల్లి కూర్చుంది. తండ్రి మూడు చేపలు. ఇంకేం లేదు. ఓవర్."

"మీరు భోంచేశారా అండి? ఓవర్."

నా పాత కంపెనీలో ఎవడూ ఆ మాట అడగలేదు.

నాలుగో రోజు చెరువుల ఆసామి ఒకాయన మోటారు సైకిలు మీద వచ్చాడు. డీజిలు జనరేటర్లతో రొయ్యలు పెంచలేక చస్తున్నామనీ, ఒక గద్ద కోసం ఊరు ఆగాలా అనీ గొడవ. వెదురు గెడ కూడా తెచ్చాడు. నేను మంచె దిగేలోపే రేవునుంచి ఒకావిడ చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చి మధ్యలో నిలబడింది. "గరుత్మంతుడి గూటి మీద గెడ ఎత్తుతావా? ఎత్తు, చూస్తాను!" అంది. ఆయన గెడ దించి, గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

అలా పరిచయమైంది చేపలావిడ. రేవులో చేపలు అమ్ముతుంది. యాభై దాటి ఉంటాయి. ఆవిడ కూతురికి రెండు కాన్పులు నిలవలేదట. ఇప్పుడు ఏడో నెల, కాకినాడలో ఆసుపత్రికి చూపిస్తున్నారు. "గరుత్మంతుడు గుడ్లు పెట్టి నా దారిలోనే కూర్చున్నాడండి అన్నయ్య గారూ. ఆ గుడ్లు నిలిస్తే మా పిల్లదీ నిలుస్తుంది. మొక్కుకున్నాను" అంది.

ఆ శనివారం ఆవిడ మళ్ళీ వచ్చింది. టవరు కాలికి పసుపు రాసి, కుంకం పెట్టి, అరిటాకులో చిన్న పండుగప్ప పెట్టింది. వలలో పడిన మొదటి చేప గరుడుడికి పెట్టడం వాళ్ళ ఆనవాయితీ. తాడు దాటి వెళ్ళిందని నాకు తెలుసు. మూడో అంశమూ తెలుసు. విజిల్ నోట్లోనే ఉంది. ఊదలేదు.

ఎందుకు ఊదలేదో చాలాసార్లు ఆలోచించాను. మొన్న గెడ ఆపింది ఆవిడే, ఊరు మన వైపు ఉంటే మంచిదే అనుకున్నాను. అదొక కారణం. ఇంకోటి చెప్పడానికి సిగ్గు. మధ్యాహ్నం నాకూ గిన్నెడు చేపల పులుసు వచ్చింది. చింతపండూ, మెంతిపిండీ వేసి పెట్టిన పులుసు. వారం రోజులుగా చల్లారిన అన్నం, ఆవకాయ తింటున్నవాణ్ణి. లంచమంటే లంచమే.

ఆ తర్వాత శనివారమే కాదు, రోజూ. ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్ళు కూడా పరిగె చేపలు తెచ్చి పెట్టేవారు. పడవాయనది చర్చి కుటుంబం, ఈ మొక్కుల్లోకి రాడు. ఆయన ఒక్కడే అన్నాడు. "మా ఇంటి వెనక చేప తలకాయ పడేస్తేనే బొంతకాకులు దిగిపోతాయండి. ఇక్కడ రావంటారా?" అని. "గరుడ ఉండగా కాకి వస్తుందా" అని కొట్టిపారేశాను. పదహారో రోజుకి కాకులు ఏడు. నోటుబుక్కులో రాశాను కూడా. రాసి, పేజీ తిప్పాను.

పంతొమ్మిదో రోజు. మధ్యాహ్నం పన్నెండు నలభై. ఎండ. గాలి లేదు. చేపలావిడ ఆకు పెట్టి, కళ్ళు మూసుకుని, చేతులు జోడించి టవరు కింద నిలబడింది. కాకులు కిందకి దిగాయి. మగ గరుడ వాటి మీదకి వచ్చింది. రెండు పైకి లేచి గూటి అంచున వాలాయి. తల్లి లేచి నిలబడి, రెక్కలు విప్పి ముందున్నదాన్ని తరిమింది. వెనకున్నది గూట్లోకి వంగింది.

ఆ గుడ్డు నేను మొదటిసారి చూడటం కాకి ముక్కులోనే. మట్టి మచ్చలున్న తెల్ల గుడ్డు. పగల్లేదు. విజిల్ ఊదాను, అరిచాను, మంచె సగం దిగి దూకాను. కాకి తాపీగా ఆవిడ నెత్తి మీదుగా, చేతికందేంత ఎత్తులో ఎగిరి, మడ చెట్లలోకి పోయింది.

ఆవిడ కళ్ళు తెరిచింది. నేను పరిగెత్తుకొస్తుంటే నా వైపు చూసి నవ్వింది. "అన్నయ్య గారూ! గరుత్మంతుడు నా నెత్తి మీదుగా వెళ్ళాడండి. రెక్కల చప్పుడు విన్నాను. ఒళ్ళు ఝల్లుమంది. మీరు కూడా విజిలేశారు!" అని లెంపలేసుకుంది.

నేను విజిల్ తీసి జేబులో వేసుకున్నాను. ఆవిడ ఆ నవ్వుతోనే వెళ్ళిపోయింది.

ఆరు గంటలకి సెట్టు.

"టవర్ పోస్ట్ నుంచి. ఒక గుడ్డు పోయింది. కాకి ఎత్తుకుపోయింది. ఓవర్."

"అయ్యో. కాకులు ఎలా వచ్చాయండి? ఓవర్."

"టవరు కింద చేపలు పెట్టనిచ్చాను. పది రోజుల పైనుంచి. తప్పు నాది. ఓవర్."

"రెండోది ఉందా అండి? ఓవర్."

"తల్లి కూర్చుంది. ఉందనుకోవాలి. ఓవర్."

"అయితే మీరూ ఉండండి. అవుట్."

మర్నాడు పదకొండుకి చేపలావిడ అరిటాకు పట్టుకుని వచ్చింది. తాడు దగ్గరే ఆపాను. ఇరవై రెండేళ్ళలో చావు కబుర్లు మూడు ఇళ్ళకి మోశాను, ఇది అంతకంటే తేలికగా లేదు. కబురు సగం దాస్తే మిగతా సగం ఇంకొకడి నోటి నుంచి వస్తుందని నాకు తెలుసు. మొత్తం చెప్పాను. నిన్న నెత్తి మీదుగా వెళ్ళింది ఎవరో, దాని ముక్కులో ఏముందో, అది ఏ వాసనకి వచ్చిందో. "ఆపాల్సింది నేనమ్మా. ఆర్డరు ఉంది. ఆపలేదు" అన్నాను.

ఆవిడ ఆకు వైపు చూసింది. "నా చేత్తోనా?" అంది.

"నా చేత్తో కూడా."

చేపని బుట్టలో వేసుకుంది. టవరు కాలి దగ్గరికి పోయి, కొంగు తడిపి, పసుపంతా తుడిచింది. పాత ఆకులు, ముళ్ళు ఏరుకుని, ఏటి దాకా మోసి పారేసింది. నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. ఇక రాదనుకున్నాను.

ఇరవై ఒకటో రోజు పన్నెండింటికి వచ్చింది. బుట్ట లేదు, చేతిలో తాటి మట్ట. స్నానం చేసి వచ్చినట్టుంది, చేప వాసన లేదు. తాడు ఇవతల, టవరు వైపు వీపు పెట్టి, రేవు వైపు చూస్తూ కూర్చుంది. కాకి కనపడితే లేచి మట్ట విసురుతుంది, మళ్ళీ కూర్చుంటుంది. నాలుగింటిదాకా. మిగతా ఆడవాళ్ళకి కూడా ఆవిడే చెప్పింది, ఒక్కరూ చేప తేలేదు. క్యాను ఇస్తే నీళ్ళు తాగేది, అంతే.

ఆ వారం నేను అలిసిపోయినంతగా కొండల మీద కూడా అలిసిపోలేదు. ఎండ ముదిరింది. కళ్ళు మంటలు. మోకాలు వాచిపోయి మంచె ఎక్కడానికి నాలుగు నిమిషాలు. ఇరవై అయిదు, ఏమీ లేదు. ఇరవై ఆరు, ఏమీ లేదు. ఇరవై ఏడు సాయంత్రం సెట్టులో ఆఫీసరు గారి గొంతు చిన్నబోయింది. "ఇంక మూడు రోజులే గడువండి. లైను వాళ్ళు అడుగుతున్నారు. ఓవర్." తల్లి గూట్లోంచి కదల్లేదు. మురిగిన గుడ్డు మీద కూడా తల్లి ఇలాగే కూర్చుంటుందేమో, నాకేం తెలుసు? భయం వేసింది. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది. ఎవరి గురించి ఏడుస్తున్నానో తెలియలేదు.

ఇరవై ఎనిమిదో రోజు, ఉదయం తొమ్మిది నలభై. మగది చేప తెచ్చింది. తల్లి మింగలేదు. చిన్న ముక్క చీల్చి, తల గూట్లోకి వంచి, అలాగే ఉండిపోయింది. మళ్ళీ చీల్చింది, మళ్ళీ వంచింది. మూడోసారి అంచు మీదికి బూడిదరంగు తలకాయ ఒకటి ఊగుతూ లేచింది. ఉసిరికాయంత.

"టవర్ పోస్ట్! పిల్ల! తింటోంది! ఓవర్!"

"రోజర్! రోజర్ అండి!" అటువైపు ఎవరో చప్పట్లు కొట్టారు.

పన్నెండింటికి ఆవిడ వచ్చేసరికి నేను తాడు దగ్గర నిలబడి ఉన్నాను. చెప్పాను. బైనాక్యులర్స్ మెళ్ళోంచి తీసి చేతిలో పెట్టబోయాను. పుచ్చుకోలేదు.

"వద్దండి. నేను చూస్తే దిష్టి."

"నీ దిష్టేంటమ్మా, ఒక్కసారి తిరిగి చూడు."

"తిందా?"

"తింది. మూడుసార్లు."

తల ఊపింది. కళ్ళు తుడుచుకుంది. "అయితే కాకులు ఇప్పుడు ఇంకా ఎక్కువొస్తాయండి" అని మట్ట సర్దుకుని, ఎప్పటిలాగే రేవు వైపు తిరిగి కూర్చుంది.

లైను ఆగింది. నా డ్యూటీ మాత్రం ముప్పై రోజులకే. ముప్పయ్యో రోజు సాయంత్రం కొత్త వాచరుకి సెట్టు, విజిల్, నోటుబుక్కు అప్పగించాను. మూడో అంశం చదివి వినిపించాను. నేను చేసింది కూడా చెప్పాను. పడవాయన నా మోకాలు చూసి, పోటు ఎక్కేదాకా ఆగి, నన్ను బురదలో దించకుండా ఎక్కించుకున్నాడు.

ఇంటికొచ్చాక మా ఆవిడ "అయిందా పురుడు?" అని అడిగింది. అయిందన్నాను. ఆ రాత్రి ఆమెని మా పిల్లలు పుట్టినప్పటి సంగతులు మొదటిసారి అడిగాను. ఏ గంటకి, ఎవరున్నారు, ఎంత సేపు పట్టింది, అన్నీ. ఆమె చెబుతూనే ఉంది.

ఏప్రిల్లో పడవాయన ఫోన్ చేశాడు. చేపలావిడ కూతురికి ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం. గరుడ పిల్ల కూడా ఎగిరిపోయిందట. చాలా సంతోషించాను.

కానీ ఎవరైనా ఈ డ్యూటీ గురించి అడిగితే నాకు ముందు కళ్ళకి కట్టేది ఆ పిల్ల కాదు. ఆ ఆఖరి సాయంత్రం పడవ రేవు దాటుతుంటే వెనక్కి తిరిగి చూశాను. ఎండ తగ్గింది. టవరు మీద తల్లి వంగి పిల్లకి తినిపిస్తోంది. కింద, తాడు ఇవతల, గూటికి వీపు పెట్టి ఆ మనిషి. నాలుగు ఎప్పుడో దాటింది, ఇంకా వెళ్ళలేదు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. మట్ట ఒళ్ళో పెట్టుకుని, ఆకాశంలో ఖాళీగా ఉన్న వైపే చూస్తోంది.