అరటి బోదె కాగితం మీద ఫిర్యాదు

మా అక్క భర్త స్టీల్‌ప్లాంటు ఉద్యోగి. పని ఇనుముతో, మనసు మాత్రం నార మీద. చెరకు పిప్పి కనబడినా, మొక్కజొన్న దంటు కనబడినా గోటితో చీల్చి, ఒక పోగు లాగి, ఎండకు ఎత్తి చూసేవాడు. "ఇది సెత్త కాదురా బామ్మర్దీ, కాయితం!" అనేవాడు.

ఒకసారి సబ్బవరం తోటల్లో గెల కోసి పారేసిన అరటి బోదెలను స్కూటర్ మీద తెచ్చి, తాముండే అపార్ట్‌మెంట్ మేడ మీద బట్టల సోడా వేసి ఉడకబెట్టాడు. ఆ గుజ్జు రుబ్బి, జల్లెడ మీద పరిచి ఆరబెట్టాడు. కాగితమైతే వచ్చింది గానీ పెన్ను పెడితే సిరా పాకిపోయేది. నాలుగు నెలలు అదే వరస. చివరికి అక్క విసిగిపోయి, "సీరలకి ఎట్టినట్టు దీనికీ గంజెట్టి సూడు" అంది.

గంజి పెట్టిన కాగితం ఆరిన రోజే అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షుడు ముక్కు మూసుకుని పైకొచ్చాడు. కృష్ణా జిల్లా మనిషి.

"ఏంటండీ ఈ కంపు? ఇక ఊరుకునేది లేదు!"

"కంప్లైంటు రాసియ్యండి. ఇదిగో కాయితం" అన్నాడు బావ.

ఆయన కోపంగా అరపేజీ రాసి సంతకం పెట్టాడు. బావ దాన్ని లాక్కుని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు.

"పాకలేదు! సిరా పాకలేదండీ!" అంటూ ఆయన్నే కావలించుకున్నాడు.

ఆయన విడిపించుకుని, కాగితాన్ని వేళ్ళతో తడిమి, "నిజంగా అరటి బోదేనా?" అన్నాడు.

ఆ ఫిర్యాదును బావ ఫ్రేము కట్టించి హాల్లో తగిలించాడు. అధ్యక్షుడు తన ఇంటికొచ్చిన చుట్టాలను పైకి తీసుకొచ్చి మరీ చూపించేవాడు.

"కాగితం ఈయనది. చేతిరాత మాత్రం నాదేనండి."