పొడి దులిపే చెయ్యి

సూరత్‌లో, గోడాదరా బస్తీలో మేమంతా ఉన్న ఆ ఒక్క గదిలో పెద్దమ్మది ఒకటే పట్టు. పెద్దబాపు మరమగ్గాల కార్ఖానా నుంచి రాగానే గడప బయట నిలబెట్టి, వీపు మీది నూలుపొడి కొంగుతో దులిపేది. దులిపాకే లోపలికి రమ్మనేది. దగ్గు ముదిరి ఆయన పని మానేశాక కూడా ఆ చెయ్యి ఆగలేదు.

ఒక వానాకాలం పొద్దున నీళ్ల డ్రమ్ము కింది ఇటుక జరిపితే ఒక పురుగు పరిగెత్తింది. పలకలు పేర్చినట్టున్న వీపు, సన్నటి తెల్లని కాళ్లు, తోక దగ్గర రెండు ముళ్లు, ఒళ్లంతా నీలిబూడిద రంగు పొడి. పెద్దమ్మ దాన్ని వేలితో ఆపి మెల్లగా రుద్దింది. పొడి వేలికంటుకుంది. కింద నల్లటి వీపు నిగనిగలాడింది.

"చూసినవా బిడ్డా! జర రుద్దితే దీని పొడి పోయింది. మీ పెద్దబాపుది ఎందుకు పోదు?"

"పెద్దమ్మా, ఆయనది ఊపిరితిత్తులల్ల ఉన్నదని డాక్టర్ చెప్పిండు గదా!"

ఆమె వినలేదు. మంచం మీద రొప్పుతున్న ఆయన అంగీ విప్పించి, శుభ్రంగా ఉన్న వీపును కొంగుతో రుద్దసాగింది. చర్మం ఎర్రబడింది. ఆయన వద్దనలేదు. గడప బయట నిలబడినప్పటిలాగే తల వంచుకుని, ఆమె ఎప్పుడు లోపలికి రమ్మంటుందా అన్నట్టు కూర్చున్నాడు.