సగం మాటకే అమ్మేసిన పొట్టేలు

నా చిన్నప్పుడు మా తాత మాట్లాడటం మొదలుపెడితే ముగించేది నేనే. అదేదో గొప్ప పని చేస్తున్నాననుకునేవాణ్ణి. ఈ వయసులో నా మాటను మా పెద్దోడు ముగిస్తుంటే ఒళ్ళు మండిపోతోంది. రెండూ కలిపే చెప్తాను. నిదానంగానే చెప్తాను, తొందరున్నవాళ్ళు లేచి వెళ్ళొచ్చు.

మాది పుంగనూరు దగ్గర మెట్ట పల్లె. ఒక గొర్రెల మంద, కాస్త వేరుశనగ చేను, అంతే ఆస్తి. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా తాతకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మూతి ఒక పక్కకు పోయింది. బుద్ధి మాత్రం ఎప్పటిలాగే ఉంది. చెప్పాలనుకున్నదంతా ఆయన తలలో ఉండేది, నోటి దగ్గరికి వచ్చేసరికి నలిగిపోయి ఒక్కో ముక్కే బయటికొచ్చేది. నేను మంచం పక్కనే కూర్చుని రెండు ముక్కలు వినగానే మిగతాది అందుకునేవాణ్ణి. తాత నీళ్ళు అడుగుతున్నాడనో, మంచం నీడకు లాగమంటున్నాడనో చెప్పేసేవాణ్ణి. సగం సార్లు అది సరిగ్గానే ఉండేది. తప్పయినప్పుడు మా తాత కళ్ళు మూసుకునేవాడు. ఆయన ఊరుకుంటే ఒప్పుకున్నట్టేనని నా లెక్క. చూసినవాళ్ళు పిల్లోడు ఎంత తెలివైనోడో అని మెచ్చుకునేవాళ్ళు. నేను ఇంకా రెచ్చిపోయేవాణ్ణి.

మా ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉండేది. మందలోంచి ఏ జీవం బయటికి పోవాలన్నా పెద్దాయన నోటి మాట కావాలి. బేరం ఎవరు మాట్లాడుకున్నా సరే, ఏది ఇవ్వాలో, ఏది ఉంచాలో చెప్పేది ఆయనే. తాత మంచాన పడినా మా నాయన ఆ పద్ధతి తప్పలేదు. ఒకరోజు, కుప్పం నుంచి పొట్టేళ్ళ బేరగాడొకడు వస్తాడని, తాత ఏది చూపిస్తే అది పట్టుకుపోతాడని చెప్పి, మందను తోలుకుని గుట్టకు వెళ్ళిపోయాడు. మా అవ్వ చేలో ఉంది. ఇంట్లో నేనూ తాతే.

బేరగాడు వచ్చాడు. దొడ్లో మూడు పొట్టేళ్ళు ఉన్నాయి. మా తాత ఎడమ చెయ్యి ఎత్తి, నోరు కూడదీసుకుని, "ఆ... మచ్చల... పొట్టేలు..." అన్నాడు. అక్కడిదాకే. ఇంకా చెప్పాల్సింది ఉందని ఆయన గొంతు కదులుతూనే ఉంది. నేను ఆగానా? "మచ్చలదాన్ని తీసకపోమంటాండాడప్పా" అనేశాను. బేరగాడు దాని మెడకు తాడేశాడు. మా తాత మంచం పట్టెను కొట్టాడు, ఏదో అరిచాడు. తాతకు ఆ పొట్టేలంటే మమకారమని వాడికి సర్దిచెప్పి మరీ పంపించాను. వాడు వీధి మలుపు తిరిగాక మా తాత ఎడమ చేత్తో నీళ్ళ చెంబు అందుకుని నా మీదికి విసిరాడు. మోకాలికి తగిలి రక్తం వచ్చింది.

పొద్దుగూకాక మా అవ్వ వచ్చి విని నెత్తిన చేతులు పెట్టుకుంది. అంతకు ముందు ఏడాది నాకు జ్వరం వచ్చి, నేను బతకనని ఇంట్లో ఆశ వదులుకున్నారట. అప్పుడు మా తాత, వీడు లేచి కూర్చుంటే ఈ మచ్చలదాన్ని నీకు ఇచ్చుకుంటానని గంగమ్మకు మొక్కాడట. ఆ సంగతి ఆయనకూ మా అవ్వకూ తప్ప ఎవరికీ తెలియదు. మిగిలిన రెండింటిలో ఏదైనా పట్టుకో, ఆ మచ్చలది మాత్రం అమ్మవారిది అని తాత బేరగాడికి చెప్పబోయాడు. నా కోసం మొక్కిన పొట్టేలును నేనే అమ్మేశాను.

అవ్వ నన్ను కొట్టలేదు. మర్నాడు పొద్దున్నే పుంగనూరు సంతకు బయల్దేరదీసింది. బేరగాడు ఆ రోజు అక్కడే ఉంటాడని ఆమెకు తెలుసు. సంత మొదట్లో ఆగి, నడుముకున్న సంచి విప్పి, ఆరేడు తమలపాకులు, గుప్పెడు వక్కలు చుట్టి, సున్నం లేకుండా నా నోట్లో కుక్కింది. దవడలు పట్టేశాయి. "నువ్వే అమ్మినావు గదా, నువ్వే అడిగి తెచ్చుకో. ఉమ్మితే కాళ్ళు ఇరగ్గొడతా" అని ఒక పక్కన కూర్చుంది. 

నేను బేరగాడి దగ్గరికి వెళ్ళి, రసం కారకుండా తల పైకెత్తి, ఆ పొట్టేలు గంగమ్మదని చెప్పబోయాను. ఏదో ముద్ద శబ్దం వచ్చింది. పిల్లోడికి పన్ను నొప్పేమోనన్నాడు బేరగాడు. ఇంకొకాయన, దారి తప్పినట్టుండాడు, వీళ్ళమ్మను పిలవండప్పా అన్నాడు. మళ్ళీ మొదలుపెట్టాను. ఆకలేస్తోందేమోనని ఎవరో మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టారు. ఇక లాభం లేదని పొట్టేలు వైపు వేలు చూపించాను. "ఓహో, దాని మీద ఎక్కాలంటాండాడు" అని నన్ను ఎత్తి దాని మీద కూర్చోబెట్టారు. చుట్టూ నవ్వులు. వాళ్ళలో చెడ్డవాడు ఒక్కడూ లేడు, అందరూ నాకు సాయం చేస్తున్నామనే అనుకుంటున్నారు. నాకు వాళ్ళందరినీ కొరికెయ్యాలనిపించింది. కిందికి దూకి బేరగాడి పొట్టలో తలతో పొడిచాను. ఆకు రసం చొక్కా అంతా కారింది. నేల మీద కూలబడి ఏడ్చాను.

బేరగాడు అప్పుడు నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "ఉండండప్పా, వాణ్ణి సెప్పనీండి. నువ్వు సెప్పు నాయనా, నేను యాడికీ పోను" అన్నాడు. ఎంతసేపు పట్టిందో తెలియదు. గంగమ్మ, తాత, జ్వరం, మూడు మాటలూ ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఆయన మధ్యలో అందుకోలేదు. అర్థమయ్యాక గబగబా చెంపలేసుకుని పొట్టేలు తాడు నా చేతిలో పెట్టాడు.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో మా అవ్వ నన్ను ఉమ్మెయ్యమంది. మడుగులో నోరు కడుక్కుంటుంటే, "మీ తాత నోట్లో దినామూ ఇదే ఉండాదిరా. ఆయన ఉమ్మలేడు" అంది. ఆ తర్వాత మా తాత రెండేళ్ళు బతికాడు. ఒక సంగతి చెప్పడానికి ఆయనకు పూటంతా పట్టినా నోరు మూసుకుని కూర్చున్నాను.

పెద్దయ్యాక బస్సు కండక్టరునయ్యాను. మదనపల్లె, కుప్పం మధ్య ముప్పై ఏళ్ళకు పైగా తిరిగాను. నా గొంతుకు బస్టాండులో పేరుండేది. నేను కేక వేస్తే హోటల్లో ఇడ్లీ తినేవాడు కూడా చెయ్యి కడుక్కుని పరుగెత్తుకొచ్చేవాడు. రిటైరయ్యాక చెయ్యి వణకడం మొదలైంది. పార్కిన్సన్స్ అన్నారు. కొన్నేళ్ళు మాత్రలతో నెట్టుకొచ్చాను. అవి సరిగా పట్టకుండా పోయాక, బెంగళూరులో తలలోకి సన్నటి తీగలు పెట్టి, రొమ్ము దగ్గర చర్మం కింద బ్యాటరీ అమర్చారు. అది మెదడుకు కొంచెం కొంచెంగా కరెంటు ఇస్తూ ఉంటుంది. ఆపరేషన్ చెడ్డదని నేను అనను. చాలా కాలం తర్వాత నా చొక్కా గుండీలు నేనే పెట్టుకున్న రోజు బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను.

కానీ నెలలు గడిచేకొద్దీ మాట పోయింది. గొంతు లోపలికి వెళ్ళిపోయింది, మాటలు ఒకదాని మీద ఒకటి పడి ముద్దయిపోయాయి. జబ్బు కూడా కొంత గొంతును తింటుందట. కొందరికి మాత్రం చెయ్యి నిలబెట్టే కరెంటే పక్కనున్న మాట దారులకూ తగులుతుందట. ఈ సంగతి డాక్టరమ్మ ఆపరేషన్‌కు ముందే ఇంగ్లీషులో చెప్పింది. మా పెద్దోడు విని, తల ఊపి, నాకు చెప్పకుండా నా తరఫున సరేనన్నాడు. చెప్తే నాయన భయపడతాడనుకున్నాడట. ఎవరడిగారు వాణ్ణి? ముప్పై ఏళ్ళు గొంతుతో బతికినవాడిని, ఒక్క మాట అడిగి ఉంటే వాడి సొమ్మేం పోయేది? అడిగితే ఒప్పుకునేవాణ్ణేమో కూడా. అది వేరే సంగతి.

మొన్న చెకప్‌కు వెళ్ళినప్పుడు మాట ఎలా ఉందని ఆమె నన్ను అడిగింది. నేను నోరు తెరిచేలోపే మా పెద్దోడు, "బాగుండాది మేడం, ఇంట్లో మాకందరికీ అర్థమైతాది" అన్నాడు. అర్థమైతాదంట. నేను కాఫీ అంటే టీ తెచ్చేది వీళ్ళే, ఫోనెత్తి మా చెల్లెలికి నేను అనని మాటలు చెప్పేదీ వీళ్ళే. బల్ల మీద అరచేత్తో కొట్టాను. అక్కడి కాగితాలు ఎగిరాయి. డాక్టరమ్మ వాణ్ణి ఆగమని చెయ్యి చూపించి, కుర్చీ నా వైపు తిప్పుకుంది. ఆమె ఎదురుచూసింది. "చెయ్యి... వణకనీ. నాకు... మాట కావాల" అన్నాను. చెప్పేసరికి చెమట పట్టింది.

ఆమె మెషీన్లో కరెంటు తగ్గిస్తూ, ఏదైనా గట్టిగా అనమంది. ఏమనాలో ఆలోచించే పని లేకపోయింది. "పుంగనూరు, పలమనేరు, వీ.కోట, కుప్పం" అని కేక పెట్టాను. పాత గొంతు కాదు, దానికి చాలా దూరం. కానీ ఏ ఊరికా ఊరు విడిగా వినపడింది. అదే సమయంలో చెయ్యి మళ్ళీ వణకడం మొదలుపెట్టింది. ఆమె దాచలేదు. రెండూ పూర్తిగా కుదరవంది. మాటకు సాధన నేర్పే అమ్మాయి దగ్గరికి వారానికోసారి వెళ్ళమంది. బ్యాటరీ కరెంటును బయటి నుంచి మార్చుకునే రిమోటులో రెండు ప్రోగ్రాములు పెట్టింది, చెయ్యి నిలవాలంటే మొదటిది, మాట్లాడాలంటే రెండోది. ఏది ఎప్పుడు పెట్టుకోవాలో మీ ఇష్టమని రిమోటు నాకు ఇచ్చింది.

మదనపల్లెలో మా ఇంటికి వచ్చేసరికి ఆ రిమోటు మా పెద్దోడి జేబులో ఉంది. రాత్రికి బీరువాలోకి వెళ్ళింది. మొదటి ప్రోగ్రామే పెట్టి ఉంచాడు. అడిగితే, "చెయ్యి వణికి పడిపోతావు నాయనా, నీ మంచికే" అంటాడు. వాడు చెడ్డవాడు కాడు. ఆ మాట నేను రోజుకు పదిసార్లు అనుకుంటాను, అయినా కోపం తగ్గదు. మూడు రోజులు చూశాను. నాలుగో రోజు వాడు పనికి వెళ్ళాక బీరువా తీశాను.

ఇప్పుడు రిమోటు నా చొక్కా జేబులో ఉంటుంది. పడుకున్నప్పుడు దిండు కింద ఉంటుంది. సంతలో నేల మీద కూలబడినప్పుడు పుట్టిన కోపం ఇన్నేళ్ళూ నాలో ఉందని నాకే తెలియదు, అదే నన్ను ఇప్పుడు నిలబెట్టింది. నిన్న సాయంత్రం రెండో ప్రోగ్రాము పెట్టుకుని ఉన్నాను, కాఫీ సగం నా చొక్కా మీద ఒలికింది. మా పెద్దోడు తువ్వాలుతో తుడుస్తూ, మెల్లగా నా జేబు వైపు చెయ్యి చాపాడు. "ముట్టుకోవద్దు" అన్నాను. వంటింట్లో ఉన్న కోడలు బయటికొచ్చి ఏమైందని అడిగింది. వాడు చెప్పబోయి, ఆగి, నా మొహం వైపు చూస్తూ కూర్చున్నాడు.