వాకిలి దాటిన మాట

పటాన్‌చెరులో నర్సింహమ్మకు ఉన్నవి రెండు గదులు, ముందు కాస్త వాకిలి. లక్డారం దగ్గర ఉన్న రెండెకరాల మెట్ట చెలక ఫ్యాక్టరీ కిందకు పోయాక ఆ ఇంటికి వచ్చారు. భర్త ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర హమాలీ పనికి కుదిరి, ఏడాది తిరక్కుండానే పోయాడు. ఒక గదిలో తనూ కొడుకు సోమయ్యా ఉండి, రెండోది కిరాయికిచ్చింది. అందులో దిగినవాడు బాపిరాజు. భీమవరం వైపు మనిషి, పటాన్‌చెరులోనే ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. అతని భార్య వెంకటలక్ష్మి పుట్టింటికి వెళ్లే వీల్లేక ఇక్కడే ప్రసవిస్తే, నెలరోజులు ఆ పసిపిల్లకు నీళ్లుపోసింది నర్సింహమ్మే.

అరవైతొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ గొడవ మొదలైంది. మెట్రిక్ పాసై మూడేళ్లుగా ఖాళీగా ఉన్న సోమయ్య ఊరేగింపుల్లో తిరిగేవాడు. ముల్కీలకు, అంటే స్థానికులకు దక్కాల్సిన కొలువులు బయటివాళ్లు ఎత్తుకుపోయారన్నది అతని కోపం. అది ఉత్త కోపం కాదని తల్లికి తెలుసు. చెలక పోయింది, కొలువు రాలేదు.

ఒక ఆదివారం పొద్దున బాపిరాజు కిటికీ మీద రాయి పడింది. గాజుపెంకులు పసిపిల్ల పక్కబట్టల మీద రాలాయి. వేసినవాళ్లెవరో సోమయ్యకు తెలుసు, చెప్పలేదు. బాపిరాజు ఏమీ అనకుండా కిటికీకి అట్టముక్క కట్టుకున్నాడు. ఆ మౌనమే నర్సింహమ్మను ఎక్కువ భయపెట్టింది. మరుసటి ఆదివారం కొడుకునూ బాపిరాజునూ వాకిట్లో చాప మీద కూర్చోబెట్టింది.

"కడుపుల ఉన్నదంత గీడ్నే అనుకోన్రి. గీ వాకిట్ల అన్న మాట వాకిలి దాటదు. నేను మాటిస్తున్న," అంది.

మొదట్లో అరుపులే. అయినా మానలేదు. ఇరుగుపొరుగు కూడా వచ్చి కూర్చోసాగారు. ఇక్కడివాళ్లు నలుగురు, కోస్తావాళ్లు ముగ్గురు. భాషను వెక్కిరించడం గురించి, భయం గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడుకున్నారు. బాపిరాజు తన ఊళ్లో గోదావరి వరదకు పొలం మునిగి నాన్న కూలికి వెళ్లిన సంగతి చెప్పాడు. ఆ వారం సోమయ్య అతనికి ఎదురు మాట్లాడలేదు. కిటికీకి కొత్త గాజు కూడా వాళ్లే కలిసి బిగించారు. రెండు నెలలు అలా గడిచాయి.

శ్రావణంలో ఒక ఆదివారం సోమయ్య సూటిగా అడిగాడు. పదిహేనేళ్లు ఇక్కడ ఉంటేనే ముల్కీ సర్టిఫికెట్ ఇస్తారు కదా, ఆయనొచ్చి నాలుగేళ్లే కదా, నౌకరి ఎట్లా వచ్చిందని.  బాపిరాజు చాప అంచు వైపే చూస్తూ చెప్పాడు.

"నా సర్టిఫికెట్ దొంగది సోమయ్యా. తెలిసే తీసుకున్నాను. ఆ చోటు నీలాంటివాడిది."

 వెంకటలక్ష్మి గుమ్మంలోంచి లోపలికి వెళ్లిపోయింది. నర్సింహమ్మకు మాత్రం ఆ పూట మనసు తేలికపడింది. నిజం చెప్పుకునేదాకా వచ్చారు, ఇక కొట్లాట ఉండదనుకుంది.

దసరాకు ముందే బాపిరాజుకు విచారణ నోటీసు వచ్చింది. పై అధికారికి ఎవరో అర్జీ రాశారు. అతను వాకిట్లో అన్న మాటలు అన్నట్టే అందులో ఉన్నాయి. నర్సింహమ్మ కొడుకు ముందు అన్నం గిన్నె పెట్టి అడిగింది. అతను దాచలేదు.

"అబద్ధం రాసిన్నా అమ్మా? ఆయన నోట్లకెల్లి వచ్చిందే రాసిన."

"నేను మాటిచ్చిన్ర బిడ్డా."

"నువ్విచ్చినవ్. నేనియ్యలే."

 కొడుకుది తప్పని గట్టిగా అనలేకపోయింది, ఒప్పని అసలే అనలేకపోయింది. మర్నాడు బాపిరాజు గది గడప దగ్గర నిలబడి, రాసింది తన కొడుకేనని చెప్పింది. ఊహించానన్నాడు అతను. వెంకటలక్ష్మి పిల్లను చంకనేసుకుని, ఆమె వైపు చూడకుండా బట్టలు మడతపెడుతూనే ఉంది.

"చెప్పింది తప్పు పనేమో తెలీదండీ," అన్నాడు బాపిరాజు. "చెప్పినప్పుడు మాత్రం హాయిగా ఉంది."

అతని ఉద్యోగం పోయింది. సామాను సర్దుకుని బస్సెక్కారు. ఉత్తరం ఏదీ రాలేదు. ఆ చోటు సోమయ్యకూ దక్కలేదు. సంగారెడ్డిలో పలుకుబడి ఉన్న ఒకతని అల్లుడు చేరాడు. అతను ముల్కీయే, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. సోమయ్య చివరికి ఫ్యాక్టరీలో రోజుకూలీగా తేలాడు. తల్లీకొడుకులు ఒకే పొయ్యి కూడు తిన్నారు. అవసరమైనంతే మాట్లాడుకున్నారు. ఆదివారాలు మళ్లీ ఎవరూ రాలేదు. ఒకరిద్దరు దారిలో ఎదురైతే తల తిప్పుకునేవారు.

డెబ్బైఏడులో ఫ్యాక్టరీలో బీహార్ కూలీలకూ లక్డారం కూలీలకూ కొట్లాటలయ్యాయి. కొత్తగా వచ్చిన బడిపంతులు, వెనకటి సంగతి ఎవరో చెప్పగా విని, అందర్నీ ఆమె వాకిట్లో కూర్చోబెట్టమని అడగడానికి వచ్చాడు. ఆమె అతనికి చాయ్ పోసింది.

"కూసోబెట్టుడు మంచిదే సారూ. నిజం చెప్పినోనికి రేపు ఏమన్న అయితే అడ్డం నిలబడతవా? నాతోని కాలే."

పంతులు చాయ్ తాగి, ఆలోచిస్తూ వెళ్లాడు. ఆ కూటం పంచాయతీ ఆఫీసులో జరిగింది. సోమయ్య వెళ్లాడు. ఆమె వెళ్లలేదు. అతను తిరిగొచ్చి ఎవరేమన్నారో చెప్పబోతే, జొన్నరొట్టె తడుతూ, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.